అరువు ఊపిరి

ఆ వాడలో దగ్గును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పొద్దున్నే వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ప్రతి ఆడమనిషీ బీడీలు చుడుతూ దగ్గుతుంది, దగ్గుతూనే పక్కింటి ముచ్చట చెబుతుంది, ముచ్చట ఆపకుండానే ఇంకో తునికాకు అందుకుంటుంది. తంబాకు దుమ్ము ముక్కుకు తగిలితే దగ్గు రాక దరువు వస్తుందా అని నవ్వుకుంటారు. కొత్త కోడలు దగ్గడం మొదలుపెడితే, హమ్మయ్య, ఇక ఈ పిల్ల మన వాడ మనిషైందని అత్తలు సంబరపడతారు. మెట్‌పల్లి పక్కనున్న ఆ బీడీల వాడలో అదంత మామూలు సంగతి.

గంగాధర్ దగ్గు కూడా అలాగే గాలికి పోయింది. అతను దుబాయి పోదామని మెడికల్‌కు వెళ్తే, అక్కడ ఎక్స్‌రే తీసినవాడు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, పాస్‌పోర్టు చేతిలో పెట్టి వెనక్కి పంపేశాడు. ఊపిరితిత్తిలో మచ్చ. టీబీ. ఆశా కార్యకర్త స్వరూప మాత్రలు తెచ్చి ఇచ్చింది. రెండు నెలలు వేసుకునేసరికి దగ్గు తగ్గింది, బుగ్గలు నిండాయి. ఇంకేం, రోగం పోయిందని గంగాధరే తీర్పు చెప్పేసుకున్నాడు. మింగినట్టు మింగి, మాత్రను దవడకు దాచి, పెళ్ళాం అటు తిరగగానే మోరీ కాలువలో ఉమ్మేశాడు. కొన్ని నెలలకు తువ్వాలు మీద ఎర్రగా పడింది. ఆ తువ్వాలు ఉతికింది అతని భార్య నవనీత. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా ఆ ఎరుపు ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు.

అందుకే, రెండోసారి మందు మొదలుపెట్టేటప్పుడు స్వరూప వెంట హైదరాబాదు నుంచి డాక్టర్ అరుంధతి వస్తే, నవనీత ఆమె చెప్పినదానికల్లా తలూపింది. డాక్టర్ ఒక పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది. ఆమె తెచ్చిన పెట్టెలో రెండే వస్తువులున్నాయి. ఒకటి రూపాయంత బిళ్ళ. రెండోది రొమ్ము కింద చుట్టుకునే పట్టీ. బిళ్ళను గంగాధర్ పక్కటెముకల మీద అంటించింది. పట్టీని నవనీతకు కట్టింది.

"ఇప్పుడు గాలి పీల్చమ్మా," అంది.

నవనీత పీల్చింది. సగం దూరం పోయిన ఊపిరి అక్కడే ఆగిపోయింది. ఎంత లాగినా లోపలికి రాదు. ఛాతీ మీద ఎవరో వడ్ల బస్తా వేసి కూర్చున్నట్టుంది. ఆమె కళ్ళు పెద్దవి చేసి గోడ పట్టుకుంది. లోపల ఎక్కడో తడి తడిగా గరగరమంది. ఆ గరగర తనది కాదు.

"భయపడకు. ఇది మీ ఆయన ఊపిరి. బిళ్ళ విన్నది పట్టీ నీకు చెబుతోంది. కాస్త పెద్దది చేసి చెబుతుంది. ఆయనకింకా తెలియని బరువు కూడా నీకు తెలుస్తుంది. మందు మానేస్తే అందరికన్నా ముందు నీ గుండె పట్టేస్తుంది. ఆయన మెట్‌పల్లిలో ఉన్నా, నువ్వు ముంబైలో ఉన్నా సరే."

నవనీత అత్త భూదవ్వ గడపలో నిలబడి అంతా చూస్తోంది. కొడుకు రోగం కోడలి ముఖంలో కనబడేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"రోగం ఆనికైతే పిల్లను గోస పెట్టుడేంది మేడమ్? మాత్ర మింగుతుండా లేదా అని సూసేతందుకు కండ్లు లేవా మాకు?"

"కళ్ళు పోయినసారి కూడా ఉన్నాయి కదమ్మా," అంది డాక్టర్ మెల్లగా. "చూసేవాళ్ళకు నొప్పి తెలియకపోతే, కొన్నాళ్ళకు చూడటం మానేస్తారు. నేను ఎన్నో ఇళ్ళలో చూశాను."

భూదవ్వ ఏదో అనబోయింది. దగ్గు మాత్రం వచ్చింది. స్వరూప డబ్బీ ఒకటి తీసి, ఇంట్లో అందరూ కఫం పరీక్షకు ఇవ్వాలి పెద్దమ్మా అంటే, భూదవ్వ చెయ్యి విదిలించింది. "నాది తంబాకు దగ్గే పిల్లా. నువ్వు పుట్టకముందు నుంచి దగ్గుతున్న." స్వరూప తల్లి కూడా బీడీలు చుట్టిన మనిషే, ఆమె కూడా జీవితమంతా అలాగే దగ్గింది. స్వరూప నవ్వి డబ్బీని సంచిలో వేసుకుంది.

ఆ రోజు నుంచి నవనీత రెండు ఊపిరులు మోసింది. పొద్దున్నే గంగాధర్‌ను పీట మీద కూర్చోబెట్టి మాత్రలు అరచేతిలో పోసేది.

"నోరు తెరువు. నాలుక లేపు. అటు దవడ. ఇటు దవడ."

"పోలీసోళ్ళు నయం గదనే," అని గంగాధర్ మూలిగేవాడు.

"పోలీసోళ్ళకు నీ ఊపిరాడదు. నాకాడుతుంది."

భూదవ్వ నవ్వేది. కోడలి పెత్తనం ఆమెకు లోపల్లోపల ఇష్టమే. కానీ నవనీతకు నెల తప్పాక ఆ నవ్వు పోయింది. కడుపు పెరిగేకొద్దీ పట్టీ బరువు మరీ ఎక్కువైంది. అన్నం వార్చబోయి ఆయాసంతో గిన్నె వదిలేసేది. ఒక సాయంత్రం నీళ్ళ డ్రమ్ము దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. భూదవ్వ పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది.

"తీసెయ్ బిడ్డా ఆ పట్టీ. కడుపుల పిల్లకు గాలి అందొద్దా?"

"తీయనత్తా. తీస్తే ఈయన మల్ల మోరీల ఊంచుతడు."

"ఊంచడు. నేను సూస్త."

"పోయినసారి గూడ మనిద్దరం సూసినం." అంతకన్నా మాట్లాడటానికి నవనీతకు ఊపిరి చాలలేదు. తువ్వాలు మీది ఎరుపు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఆ ఎరుపుకన్నా ఈ ఆయాసమే నయమని ఆమెకు గట్టిగా అనిపించింది. భూదవ్వ కోడలి నుదురు కొంగుతో తుడిచి, చాలాసేపు కొడుకు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తరువాత కొద్ది రోజులకే ఛాతీ మీది బస్తా దిగిపోయింది. పొద్దున లేచి గాలి పీలిస్తే కిందిదాకా పోయింది. నవనీత నమ్మలేక మళ్ళీ పీల్చింది. మందు పని చేస్తోంది! ఆమె ఆ పూట రెండు జొన్న రొట్టెలు ఎక్కువ తిని, మొగుడికి కొసరి కొసరి వడ్డించింది. వాకిట్లో అత్త పక్కన చాట పెట్టుకుని కూర్చుంటే చేతులు వాటంతటవే ఆడేవి. పట్టీలోని ఊపిరి కూడా తన చేతులతో జత కలిసినట్టు సాగేది. ఆకు మీద తంబాకు పోసేటప్పుడు ఆగి, చుట్టేసి దారం కట్టాక వదిలినట్టుగా. మొగుడు ఎక్కడో మగ్గాల షెడ్డులో పని చేస్తూ కూడా తన చేతికి జత పడుతున్నాడని ముచ్చటపడింది. ఆ ముచ్చట అత్తతో చెబితే, భూదవ్వ తల వంచుకుని కత్తెర వెతుక్కుంది.

సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. బరువు మళ్ళీ మొదలైంది. మొదట మెట్లెక్కినట్టు చిన్న ఆయాసం. తరువాత గరగర. ఇది పాత గరగర కాదు, ఇంకా లోతుగా, ఎండిన గొంతులోంచి వస్తున్నట్టుంది.

"మల్ల ఊంచుతున్నవా?" అని నవనీత మొగుడి కాలర్ పట్టుకుంది.

"లేదే! నీ ముంగటనే మింగుతున్న గదా."

"మరి నాకెందుకిట్లయితుంది?"

గంగాధర్ తల్లి వైపు ఒకసారి చూశాడు. "కడుపుల బిడ్డ మీద ఒట్టు. ఒక్క మాత్ర గూడ పారెయ్యలే."

ఆమె నమ్మలేదు. మాత్ర మింగాక పీట మీంచి లేవనివ్వలేదు. గడ్డం పట్టుకుని నోట్లో టార్చి వేసి చూసింది. మోరీలో పుల్లతో వెతికింది. మాత్ర దొరికితే బాగుండునని కూడా అనుకుంది పిచ్చిది, దొరికితే కనీసం తిట్టడానికి ఒక కారణం ఉండేది. ఏమీ దొరకలేదు. మొగుడు మందు మింగుతున్నాడు, కానీ రోగం పెరుగుతోంది. అంటే మందుకు లొంగని రోగమన్నమాట. అట్లాంటి రోగం గురించి ఆమె స్వరూప నోట విన్నది. అట్లాంటి మనుషులు ఎక్కువమంది తిరిగి రాలేదని కూడా విన్నది. ఆమెకు చచ్చేంత భయం వేసింది.

డాక్టర్ అరుంధతి దగ్గర నుంచి ఫోను వచ్చింది. బిళ్ళ పంపే గీతలు ఆమె దగ్గర తెర మీద కూడా కనబడతాయి. వెంటనే ఇద్దరూ బయల్దేరి రమ్మంది.

*

పరిశోధన కేంద్రంలో గదులన్నీ చల్లగా, తెల్లగా ఉన్నాయి. ఎక్కడా దుమ్ము లేదు. నవనీతకు అక్కడ గట్టిగా దగ్గాలన్నా జంకుగా ఉంది.

"కఫం పరీక్ష శుభ్రంగా వచ్చింది," అంది డాక్టర్ అరుంధతి. మనిషి బాగా నలిగిపోయి ఉంది. "బరువు కూడా పెరిగాడు. కానీ బిళ్ళ మాత్రం ఊపిరితిత్తి పాడవుతోందని చెబుతోంది. పరీక్ష కన్నా బిళ్ళే ముందు పసిగడుతుంది. నేను దాన్నే నమ్ముతాను. మందు మార్చాలి. కొత్త మందు గట్టిది. చెవులు వినబడకుండా పోవచ్చు, నరాలు లాగవచ్చు. అయినా తప్పదు."

నవనీత మొగుడి చెవుల వైపు చూసింది. పుట్టబోయే పిల్ల ఏడిస్తే ఈయనకు వినబడదేమో అనుకుంది.

"ఇంకొక మాట నేను నీకు ముందే చెప్పాల్సింది," అని డాక్టర్ చూపు దించుకుంది. "వేరే ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకు తోడుగా కూతురు పట్టీ కట్టుకుంది. ఆయన చనిపోయినప్పుడు ఆ అమ్మాయి పట్టీతోనే ఉంది. ఆయన ఊపిరి ఆగితే ఆమె ఊపిరి కూడా ఆగింది. పక్కనవాళ్ళు పట్టీ కోసేస్తే బతికింది. తరువాత మేం మార్పు చేశాం. ఇప్పుడు ఊపిరి ఆగితే పట్టీ తనంతట తనే మూగబోతుంది. నీకేం కాదు. కానీ కడుపుతో ఉన్నావు. తీసేస్తానంటే నేను కాదనను."

ఇన్నాళ్ళూ తన రొమ్ముకు ఏం కట్టుకుని తిరిగిందో నవనీతకు అప్పుడు తెలిసింది. పట్టీ మీదికి చెయ్యి పోయింది. అయినా విప్పలేదు. విప్పితే ఆయనకు ఏమవుతోందో తెలిసే దారి ఉండదు, ఆమె దానికి ఇంకా ఎక్కువ భయపడింది.

గంగాధర్‌ను గాజు గదిలోకి తీసుకెళ్ళి, కదిలే బెల్టు మీద నడిపించారు. నవనీత, డాక్టర్ ఇటుపక్క తెర ముందు కూర్చున్నారు. బెల్టు వేగం పెంచారు. గంగాధర్ పరుగు అందుకున్నాడు. చొక్కా తడిసింది, నోరు తెరిచి రొప్పుతున్నాడు.

నవనీత తన ఛాతీ వంక చూసుకుంది. ఆమెకు రొప్పు రాలేదు.

పట్టీలోని ఊపిరి నిదానంగా ఉంది. కూర్చున్న మనిషి ఊపిరి. చిన్నగా పీల్చి, ఆపి, కాస్త ఆగాక వదులుతోంది. మళ్ళీ చిన్నగా పీల్చి, ఆపి, వదులుతోంది. అంతలో లోపలి నుంచి దగ్గు తెర ఒకటి ఎగదన్నింది. నవనీత ముందుకు వంగి ఊపిరి చిక్కబట్టుకుంది. గాజు అవతల గంగాధర్ పరుగెత్తుతూనే ఉన్నాడు. అతను దగ్గడం లేదు.

"మేడమ్," అంది నవనీత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "ఈయన దగ్గుతలేడు. మరి ఎవరిది ఈ దగ్గు?"

డాక్టర్ తెర మీద గీతను చూసింది, గాజు వెనక మనిషిని చూసింది. తెర మీద తట్టింది. గీత ఆలస్యంగా వస్తోందేమో అని గొణిగింది. కానీ ఆమె ముఖం పాలిపోయింది.

నవనీత కళ్ళు మూసుకుంది. పీల్చి, ఆపి, వదలడం. ఆకు మీద తంబాకు పోసేటప్పుడు ఊపిరి బిగబడతారు, లేకపోతే దుమ్ము ఎగిరిపోతుంది. చుట్టి, దారం కట్టాక వదులుతారు. ఎవరూ నేర్పరు, చేతులతో పాటు అదీ వస్తుంది. తన రొమ్ములో ఎవరో కూర్చుని బీడీలు చుడుతున్నారు.

ఆమె లేచి గాజు గది తలుపు తోసుకుని లోపలికి పోయింది. బెల్టు ఆపకముందే మొగుడి చొక్కా పైకెత్తింది. పక్కటెముకల మీద బిళ్ళ లేదు. అది ఉన్నచోట చర్మం తెల్లగా గుండ్రంగా మిగిలింది.

గంగాధర్ బెల్టు మీదే కూలబడ్డాడు. "అవ్వ అడిగింది," అన్నాడు. "నువ్వు డ్రమ్ము కాడ పడ్డ దినమే. నీ పెండ్లాం కడుపుల పిల్ల సచ్చిపోతదిరా, నా ఊపిరి మంచిగున్నది, కాన్పు అయ్యేదాక నేను పెట్టుకుంట అన్నది. నాకు ఒట్టు పెట్టింది. నేను మాత్రలైతే తప్పలే నవనీతా, నిజం."

"మరి బరువైతుందని నేను ఏడుస్తుంటే గూడ చెప్పవా?"

"అవ్వది తంబాకు దగ్గే గదా అనుకున్న. మిషన్‌కు తంబాకు దగ్గు తెల్వక, రోగమని నీకు చెప్తుందేమో అనుకున్న." అతను తల పట్టుకున్నాడు. "మన వాడల అందరు దగ్గుతరు గదనే."

నవనీతకు మొదట మొగుడు బాగున్నాడన్న సంతోషం వచ్చింది. ఆ సంతోషం వెనకే రెండో సంగతి తెలిసింది. ఎక్కడో ఇంటి వాకిట్లో, తనకేమీ లేదనుకుంటూ, అత్త ఆ ఊపిరితో కూర్చుని చాట నింపుతోంది.

*

భూదవ్వకు ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ గంగాధర్ జేబులోనే ఉంది. అతను స్వరూపకు ఫోను చేసి చెప్పాడు. "అయ్యో పెద్దమ్మా," అని ఆ పిల్ల ఒక్క మాట అని, ఇప్పుడే పోతున్నానని పెట్టేసింది. డాక్టర్ అరుంధతి తన కారు తీయించి తను కూడా ఎక్కింది. దారిలో ఒక్కసారి, పక్కకు తిరక్కుండానే, "నేను బిళ్ళను నమ్మాను. ఎవరి ఒంటి మీదుందో అడగలేదు," అంది. గంగాధర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నవనీతకు ఇద్దరి గొడవా పట్టలేదు. ఆమె పట్టీ మీద రెండు చేతులూ పెట్టుకుని అత్త ఊపిరి వింటోంది. హైదరాబాదు దాటాక పీల్చడం, ఆపడం, వదలడం పోయింది. చాట పక్కన పెట్టినట్టుంది. స్వరూప వచ్చి చెప్పి ఉంటుంది. ఊపిరి వేగంగా, గుక్కలు గుక్కలుగా వస్తోంది. ఏడుస్తోందా? అదో ఇదో తెలియదు. పట్టీ ఊపిరి చెబుతుంది గానీ మనసు చెప్పదు. మళ్ళీ దగ్గు. ఆగకుండా దగ్గు. నవనీత ముందు సీటు పట్టుకుని వంగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కడుపులో పిల్ల గట్టిగా తన్నింది.

"విప్పెయ్," అని అరిచాడు గంగాధర్. "నవనీతా, విప్పెయ్!"

"నేను విప్ప. అత్త ఒక్కతే అయితది," అంది ఆమె.

అప్పుడు ఆగిపోయింది.

దగ్గు మధ్యలో, సగం ఊపిరి మీద, పట్టీ మూగబోయింది. నవనీత ఛాతీ ఒక్కసారిగా తేలికైంది. గాలి కిందిదాకా హాయిగా పోయింది. అంత హాయి ఆమె ఎన్ని నెలల నుంచి ఎరగదు. ఆ హాయికి ఆమె పెద్దగా కేక పెట్టింది.

డాక్టర్ తన ఫోను తెర చూసింది. గీత లేదు. "బిళ్ళ ఊడదీసినా ఇట్లాగే ఆగుతుంది," అంది.

"సచ్చిపోతే?"

ఆ మార్పు చేసింది డాక్టరే. చావు తోడు మనిషిని తాకకూడదని మూగబోయేట్టు చేసింది. ఆ మూగతనంలోంచి ఇప్పుడు ఏ మాటా పైకి లాగలేక, తెర వంక చూస్తూ ఉండిపోయింది. గంగాధర్ స్వరూపకు మళ్ళీ మళ్ళీ ఫోను చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మెట్‌పల్లి ఇంకా చాలా దూరం ఉంది. నవనీత దారి పొడుగునా హాయిగా గాలి పీలుస్తూ, ఆ ప్రతి గాలినీ అసహ్యించుకుంటూ కూర్చుంది.

వాడకు చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు దిగి నవనీత నిలబడిపోయింది. వాడలో ఒక్క ఆడమనిషి లేదు. ప్రతి వాకిట్లో చాటలు అలాగే పడి ఉన్నాయి. సగం చుట్టిన బీడీలు, విప్పిన దారాలు, తడి గుడ్డలో మూట కట్టిన ఆకు. ఆ వాడలో పొద్దు ఉండగా ఆడవాళ్ళు చాట వదిలి లేచేది ఒక్కందుకే, ఎవరింట్లోనైనా శవం లేచినప్పుడు.

గంగాధర్ "అవ్వా" అని కేకేస్తూ ఇంట్లోకి పరుగెత్తాడు. నవనీత పరుగెత్తలేకపోయింది. భూదవ్వ చాట గడప పక్కనే ఉంది. చాటలో, తునికాకుల మీద, బిళ్ళ ఉంది. తీసిన చెయ్యి ఎవరిదో బిళ్ళ చెప్పదు. నవనీత దాన్ని వేళ్ళతో ముట్టుకుంది. చల్లగా ఉంది. ఆమె గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"ఇంట్ల లేదు," అన్నాడు గంగాధర్ బయటికొచ్చి.

అప్పుడు వినబడింది దగ్గు. ఒకరిది కాదు, చాలామందిది. వాడ చివర పద్మశాలి సంఘం భవనం వైపు నుంచి వస్తోంది.

భవనం ముందు వాడ ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో మూత ఉన్న చిన్న డబ్బీ. స్వరూప బల్ల ముందు నిలబడి పేరు పేరునా పిలుస్తోంది, ఆమె ఫోను సంచి అడుగున మోగుతూనే ఉంది. అందరికీ దూరంగా, వేపచెట్టు కింద, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, భూదవ్వ ఒంటరిగా కూర్చుని ఉంది.

నవనీత అత్త వైపు పరుగెత్తబోయింది.

"దగ్గరికి రాకు!" అని భూదవ్వ అరిచింది. కోడలి మీద ఆమె ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "ఆడనే ఉండు!"

నవనీత ఆగింది. ఆగి, నిలబడ్డచోటే గొల్లుమంది. "ఎందుకు తీసినవత్తా? సచ్చిపోయినవనుకున్న గదా! తొవ్వ పొడుగూత నిన్ను సంపుకున్న నేను!"

"నా ఊపిరే నీకు ఉరి పడ్తుందని స్వరూప చెప్పినంక, ఇంక దాన్ని ఎట్ల ఉంచుకుంట బిడ్డా?" భూదవ్వ కొంగు ఇంకా గట్టిగా అదుముకుంది. "నీకు మంచి చేస్తున్న అనుకున్న. నా లోపల ఏమున్నదో నాకే తెల్వదాయె." కొంగు అడ్డంలోంచి దగ్గింది. "ఇగ నాది తంబాకు దగ్గు కాకపోతే, గీళ్ళది మాత్రం తంబాకుదని ఎవరు చెప్పిండ్రు? అందుకే ఇల్లిల్లు తిరిగి లేపుకొచ్చిన."

నవనీత వరస వైపు చూసింది. ఆమె ఎరిగిన ముఖాలే అన్నీ. పెళ్ళినాడు పసుపు పూసినవాళ్ళు, ఆకు కత్తిరించడం నేర్పినవాళ్ళు, వాళ్ళ చంకల్లోని పిల్లలు. ఒకరు దగ్గితే మిగతావాళ్ళు ఉలిక్కిపడుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఇన్నేళ్ళూ ఈ వాడ ఏం పీలుస్తూ, ఏం వదులుతూ వచ్చిందో తలుచుకుంటే ఆమె వెన్ను చల్లబడింది.

*

భూదవ్వకు టీబీ అని తేలింది. మందుకు లొంగే రకమే. ఇంట్లోనే, వెనక గదిలో ఉంచి ఇవ్వొచ్చన్నారు. వరసలో నిలబడ్డవాళ్ళలో ఇంకా కొందరికి ఉందని కబురొచ్చింది. మిగతావాళ్ళ డబ్బీల సంగతి ఇంకా తెలియలేదు.

డాక్టర్ అరుంధతి వచ్చి, కావాలంటే బిళ్ళ భూదవ్వకు, పట్టీ గంగాధర్‌కు కడతానంది. ఆమె గొంతులో పాత ధీమా లేదు. నవనీత పట్టీని మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"వద్దు మేడమ్. అది ఉన్నదని నేను దాని దిక్కే సూసిన. మా అత్త ముఖం దిక్కు సూడలే."

డాక్టర్ పట్టీని పెట్టెలో పెట్టుకుంది. పెట్టె మూయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున నవనీత వెనక గది కిటికీ బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడింది. ఊచల అవతల భూదవ్వ మంచం మీద కూర్చుని మాత్రలు అరచేతిలో పోసుకుంది. ఆమె లోపల ఎలా ఉందో, బరువెంత ఉందో, నవనీతకు ఇప్పుడు తెలియదు. ఆ తెలియకపోవడం పట్టీకన్నా గట్టిగా బిగుసుకుంది. ఆమె అత్త కళ్ళ కిందికీ, మెడ ఎముకల వైపూ, గొంతు కదిలే చోటికీ మార్చి మార్చి చూసింది. భూదవ్వ నీళ్ళు తాగి గుటక వేసింది.

కోడలు అత్తకు చెప్పే మాట కాదు. అయినా చెప్పింది.

"నోరు తెరువత్తా. నాలుక లేపు."

భూదవ్వ తెరిచి చూపించింది. అటు దవడ, ఇటు దవడ. తరువాత మూతి తుడుచుకుని, "నీది?" అంది.

నవనీతకు కూడా డాక్టర్లు చూసి ముందు జాగ్రత్త మాత్రలు ఇచ్చారు. ఆమె గుడ్డ కింద నుంచి మాత్ర నాలుక మీద పెట్టుకుని మింగింది. ఛాతీ కాస్త బిగబట్టినట్టుంది. కడుపులో పిల్ల పైకి తన్నినందుకో, భయానికో, మరిదేనికో. ఇప్పుడు ఆ ఊపిరి ఎవరిదని అడగడానికి లేదు, పూర్తిగా ఆమెదే.

"నోరు తెరువు బిడ్డా," అంది భూదవ్వ ఊచలు పట్టుకుని.

నవనీత గుడ్డ తీసి, వెలుతురుకు తిరిగి నోరు తెరిచింది.

పక్కింటి వాకిట్లో ఎవరో దగ్గారు. అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారిగా అటు తిరిగి చూశారు.